కింద ఏం పరిచారు?

మా మేడమ్ దేన్నైనా అరచేత్తో తాకగా నేను చూడలేదు. చేయి తిరగేసి, వేళ్ల వెనక వైపుతో తాకేవారు. బస్సు సీటు, చాయ్ గ్లాసు, కొత్తగా దిగిన రేకు, జ్వరం వచ్చినవాడి నుదురు, ఏదైనా సరే. తాకి, కాసేపు కళ్లు మూసుకునేవారు. ఆ కాసేపట్లో పక్కనున్నవాడు నోరు తెరిచాడో, వాడి పని అయిపోయినట్టే. "ఆగవయ్యా, వింటున్నాను" అని కసిరేవారు. రేకులో వినడానికి ఏముందో మాకెవరికీ అర్థమయ్యేది కాదు.

మొన్న మధ్యాహ్నం ఉప్పల్ రింగ్‌రోడ్డు దగ్గర స్కైవాక్ ఎక్కి మెట్రో వైపు నడుస్తున్నాను. పక్కనున్న ఉక్కు రైలింగ్ ఎండకు మాడిపోతోంది. నా చేయి దానంతటదే తిరగబడి, వేళ్ల వెనక వైపుతో రైలింగును తాకింది. ఇన్నేళ్లయినా ఈ రోగం వదల్లేదే అని నాలో నేను నవ్వుకున్నాను. నవ్వు పూర్తవకముందే ఫోన్ మోగింది. మా పాత ఓనరు. ఇలాంటిది ఇంకెవరైనా చెబితే నేనైతే నమ్మను, కానీ జరిగింది అదే.

"తమ్మీ, మేడమ్ పోయింది. పొద్దుగాల. రామంతాపూర్‌ల ఇంటికాడ్నే ఉంచిన్రు. నువ్వు ఏడున్నవ్?"

మెట్రో ఎక్కలేదు. కిందికి దిగి రామంతాపూర్ షేర్ ఆటో ఎక్కాను.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఆమెకు కోపం వస్తుంది. పేర్లంటే ఆమెకు మొదటి నుంచీ పడదు. ఆ సంగతి నాకు ఇంటర్వ్యూ నాడే తెలిసింది.

అప్పుడు మా కంపెనీ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు. ఆసుపత్రి మంచాలు, స్ట్రెచర్లు, సెలైన్ స్టాండ్లు చేసేవాళ్లం. డిజైను, టెస్టింగు రెండూ మేడమ్ చేతిలోనే ఉండేవి. అంతకుముందు ఆమె ఇంజనీరింగ్ కాలేజీలో ఉష్ణశాస్త్రం చెప్పేవారట. పిల్లలు బట్టీ పట్టి రాసే జవాబులు దిద్దలేక మానేశానని ఆమే చెప్పారు. నేను ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో చదువు ముగించుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, చలికాలం పొద్దున ఆమె ముందు కూర్చున్నాను.

"వాహకత, సాంద్రత, విశిష్టోష్ణం. మూడింటినీ గుణించి వర్గమూలం తీస్తే ఏమిటి?" అన్నారు.

నాకు తెలుసు. హుషారుగా చెప్పాను. "ఎఫ్యూసివిటీ మేడమ్."

"పేరు అడగలేదు. అర్థం అడిగాను."

ఆమె లేచి, నా చేయి పట్టుకుని తిప్పి, వేళ్ల వెనక వైపును ముందు ఇనుప బీరువాకు, తర్వాత చెక్క బల్లకు ఆనించారు. ఏది చల్లగా ఉందని అడిగారు. బీరువా అన్నాను. రెండింటికీ థర్మామీటర్లు పెట్టారు. రెండూ ఒకటే చూపించాయి.

"మరి నీ చేయి అబద్ధం చెప్పిందా?"

"అవును మేడమ్."

"చేయి అబద్ధం చెప్పదు. ప్రశ్న నువ్వు తప్పుగా వేశావు. ఎంత వేడిగా ఉందో చేతికి తెలియదు. తన వేడి ఎంత జోరుగా పోతోందో మాత్రమే తెలుసు. బీరువా లాగేసుకుంటోంది, బల్ల లాక్కోవడం లేదు. రెండు వస్తువులు తాకిన క్షణంలో ఎవరిది నెగ్గుతుందో చెప్పే అంకె అది. దాన్ని నేను పంతం అంటాను. ఇనుముకు పంతం ఎక్కువ. చెక్కకు తక్కువ. స్పాంజికి అసలు లేదు. రేపటి నుంచి రా."

ఉద్యోగం ఎందుకిచ్చారో ఇప్పటికీ తెలియదు. కనీసం బీరువా చల్లగా ఉందని నిజం చెప్పాను కదా, అందుకే అయ్యుంటుంది.

ఆమె దగ్గర ఇలాంటివి మరో రెండు మాటలుండేవి. వాహకతను తీసుకుని, సాంద్రత, విశిష్టోష్ణాల లబ్ధంతో భాగిస్తే వచ్చేది 'వార్త'. ఒక కొసలో వేడి తగిలితే రెండో కొసకు ఆ సంగతి ఎంత త్వరగా చేరుతుందో అది చెబుతుంది. బరువును విశిష్టోష్ణంతో గుణించి, చుట్టూ ఉన్న గాలికి వేడి జారిపోయే జోరుతో భాగిస్తే వచ్చేది 'ఓపిక'. ఒక వస్తువు తన వెచ్చదనాన్ని ఎంతసేపు నిలుపుకోగలదో అది. నాచారం చౌరస్తా దగ్గర పేపర్ కప్పులో చాయ్ ఇస్తే, "ఇంత చాయ్‌కి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుందయ్యా, మాట మొదలుపెట్టేసరికి చల్లారిపోతుంది" అని చాయ్ అన్నతో పోట్లాడేవారు. ఆయన విసుగెత్తి ఆమె కోసం ఒక మందపాటి పింగాణీ కప్పు విడిగా పెట్టాడు. దాన్ని ముందుగా వేణ్ణీళ్లతో కడగమని మళ్లీ పోట్లాడారు. "గీ మేడమ్‌కు చాయ్ పోసుడు కన్నా పెండ్లికి వండుడు అల్కగ" అని అతను మా ముందే అనేవాడు. ఆమె వినీ విననట్టు తాగేవారు.

ఒకసారి అడిగారు. "వార్త మోయడంలో గాలి ఎక్కువా, నీళ్లా?"

నీళ్లన్నాను. కాదట. గాలి ఇంచుమించు ఇనుముతో సమానమట. లెక్క వేసి చూస్తే నిజమే. నేను నోరెళ్లబెట్టాను.

"గాలి వార్త గబగబా మోస్తుంది, పంతం మాత్రం బొత్తిగా లేదు. అందుకే ఎవరూ లెక్కచేయరు" అని మా స్టోర్స్ మేనేజర్ వైపు చూశారు. షెడ్డులో పొద్దున జరిగింది మధ్యాహ్నానికి ఓనరు చెవిలో వేసే మనిషి ఆయనే. ఆయనకు అర్థం కాలేదు. మాకు అర్థమై చచ్చేంత నవ్వొచ్చింది.

బస్సులో కూర్చుంటే ఇదే ఆట. ఉప్పల్ నుంచి నాచారం దాకా ఒక కొత్త కలయిక ఇవ్వడం, దాని అర్థం చెప్పమనడం. ఒకసారి నేనే తిక్కగా ఎదురు ప్రశ్న వేశాను. "ఉష్ణోగ్రతల తేడాను వాహకతతో గుణిస్తే ఏమవుతుంది మేడమ్?" ఆమె ఏమీ అనలేదు. బస్సు దిగినా అనలేదు. మర్నాడు పొద్దున నేను గేటు దాటగానే పిలిచారు. "దాన్ని మందంతో భాగించు, అప్పుడు మాట్లాడుతుంది. ఎంత వేడి దాటుతోందో చెబుతుంది. ఒంటరిగా ఉంటే మూగది. కొన్ని కలయికలు అంతే, పక్కన ఇంకొకటి ఉండాలి. రాత్రంతా నిద్ర చెడగొట్టావు కదయ్యా." అది తిట్టో మెచ్చుకోలో తెలియలేదు. ఆమె నోట మెచ్చుకోలు అంటే 'పాస్' అనే ఒక్క మాటే. టెస్టు అయ్యాక ఆ మాట అంటే మెచ్చుకున్నట్టు, లేకపోతే లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, 'కింద ఏం పరిచావు' ఒక ఎత్తు. ఎవరైనా సిమెంటు నేల మీద ఉత్తగా కూర్చుంటే ఆమె సహించలేకపోయేవారు. మా కుట్టుపని అమ్మలు మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు విప్పుకుని గోడవారగా కూర్చుంటే, అటుగా వెళ్తూ, "కింద ఏం పరిచావమ్మా?" అని అడిగి, ప్యాకింగ్ అట్టముక్క ఒకటి కాలితో వాళ్ల వైపు తోసేవారు. వాచ్‌మన్‌నూ వదల్లేదు.

"ఏం పరవలె మేడమ్, సల్లగుంటదని గిట్లనే పన్న."

"ఇప్పుడు బాగానే ఉంటుంది. తెల్లారాక నీ నడుం నన్ను తిడుతుంది. లే, అట్ట వేసుకో."

ఒక ఎండాకాలం అందరం కీసర గుట్టకు వెళ్లాం. దర్శనమై, మేమంతా చెప్పులు లేకుండా కాలే బండ మీద గంతులు వేస్తుంటే, ఆమె ఒక్కరే పీచు పట్టా పరిచిన చోట వెతుక్కుంటూ తాపీగా నడిచారు. "రెండూ ఒకే ఎండలో ఉన్నాయి. రాయితో మీకెందుకు పంతం?" అన్నారు. మా ఓనరు ఒంటికాలి మీద ఎగురుతూ, "దేవుని కాడ గూడ క్లాసేనా మేడమ్!" అన్నాడు.

ఓనరు గురించి చెప్పాలి. జనగామ వైపు నుంచి వచ్చి, వెల్డింగ్ పని నేర్చుకుని, సొంతంగా షెడ్డు పెట్టిన మనిషి. పొట్ట ముందు, తను వెనక. పెద్ద గొంతు. మేడమ్ అంటే భయమూ ఉంది, గౌరవమూ ఉంది, అప్పుడప్పుడు ఒళ్లు మంటా ఉంది. ఇద్దరూ పోట్లాడుకోని రోజు ఉంటే మాకు ఏదో వెలితిగా ఉండేది.

ఆ యేడు మాకు పెద్ద ఆర్డరు వచ్చింది. అప్పుడే పుట్టిన పిల్లలను ప్రసవం గది నుంచి పిల్లల వార్డుకు తీసుకెళ్లే ట్రాలీలు. బిడ్డను పడుకోబెట్టే పళ్లెం వెచ్చగా ఉండాలి. ఒక ఆసుపత్రుల సంస్థవాళ్లు తమ శాఖలన్నిటికీ మావే తీసుకుంటామన్నారు. ఓనరు ఆ ఆర్డరు మీద ఎన్ని ఆశలు పెట్టుకున్నాడో మాకు తెలుసు. అది పోతే షెడ్డు నడవడం కష్టమనీ తెలుసు. మంచాల బేరాలు అప్పటికే పెద్ద కంపెనీలకు వెళ్లిపోతున్నాయి.

పళ్లెం అల్యూమినియంతో చేద్దామన్నది మేడమే. మందమైన పలక, దాని కింద హీటరు, పైన పల్చటి రెక్సిన్. అల్యూమినియంలో వార్త గబగబా పోతుంది కాబట్టి ఒకచోట వేడి, ఒకచోట చల్లన ఉండదు. టెస్టులన్నీ చేశారు. ఏ మూల చూసినా ఒకే వెచ్చదనం. 'పాస్' అన్నారు. మే నెల. ట్రాలీలు వరసగా నిలబడ్డాయి, పైన ప్లాస్టిక్ చుట్టాం, డీసీఎం బండి వచ్చి గేటు లోపల ఆగింది. కొబ్బరికాయ కొట్టి లోడింగ్ మొదలుపెట్టాం.

ముందురోజు సాయంత్రం ఆసుపత్రి నుంచి ఎవరో చూడ్డానికి వస్తే ఒక ట్రాలీని ఓనరు క్యాబిన్‌లోకి తోశాం. షెడ్డు మొత్తానికి ఏసీ ఉన్నది ఆ ఒక్క గదికే. వాళ్లు వెళ్లాక ట్రాలీ అక్కడే ఉండిపోయింది. ఏసీ కూడా ఆపలేదు. పొద్దున మేడమ్ ఏదో సంతకానికి క్యాబిన్‌లోకి వెళ్లి, అలవాటుగా చేయి తిరగేసి పళ్లేన్ని తాకారు. నేను తలుపు దగ్గరే ఉన్నాను. కళ్లు మూసుకున్నారు. ఎంతకీ తెరవలేదు. తెరిచాక ముఖం పాలిపోయి ఉంది.

బయటికొచ్చి, "లోడింగ్ ఆపండి" అన్నారు.

ఓనరు నవ్వాడు. "ఏమైంది మేడమ్? కొబ్బరికాయ గూడ గొట్టినం."

"ఎక్కించినవి దింపండి."

"మీరే పాస్ జేసిన్రు గదా!"

"నేనే చేశాను. ఈ రేకుల కింద చేశాను. ఇక్కడ మే నెల్లో హీటరు వేయకపోయినా పళ్లెం వెచ్చగానే ఉంటుంది. అది చల్లగా ఉంటే ఎలా ఉంటుందో మనలో ఒక్కరం కూడా చూడలేదు. ఆసుపత్రిలో ఏసీ ఉంటుంది. హీటరు వేడెక్కేదాకా బిడ్డ పుట్టకుండా ఆగుతుందా?"

"నర్సమ్మ ముందుగాల ఆన్ జేస్తది."

"మర్చిపోతే?"

"మర్సిపోకుంట దాని మీదనే పెద్ద అక్షరాలతోని రాద్దాం."

"వెళ్లేటప్పుడు ఏసీ ఆపమని మీ క్యాబిన్ గోడ మీద పెద్ద అక్షరాలతోనే రాసి ఉంది. రాత్రి ఆపారా?"

ఓనరు మళ్లీ మొదలుపెట్టాడు. పైన రెక్సిన్ ఉంది, దాని మీద బట్ట వేస్తారు, బిడ్డ బట్ట మీద ఉంటుంది, ఇంక ఫికర్ ఏంది అన్నాడు.

"బిడ్డ తడిగా పుడుతుంది. బట్ట తడుస్తుంది. తడిసిన బట్టకు నీళ్ల పంతం వస్తుంది. ఆ కిందే అల్యూమినియం. మన షెడ్డులో అంతకు మించిన మొండిఘటం లేదు."

"మేడమ్, గీ పంతాలు గింతాలు నాకు దెల్వది. స్పెసిఫికేషన్ల గిది అడగలే. అడగనిదానికి నేనెందుకు ఆపాలె?"

ఆమె మంచినీళ్ల డ్రమ్ము దగ్గరికి వెళ్లి, ఒక తువ్వాలు తడిపి, పిండి, క్యాబిన్‌లో పళ్లెం మీద పరిచి వచ్చారు. ఓనరు ముందు నిలబడి, "చొక్కా విప్పండి" అన్నారు.

గ్రైండరు మీదున్నవాడు కూడా మిషను ఆపేసి ఇటు తిరిగాడు.

"ఏంది?"

"చొక్కా, బనీనూ. విప్పి ఆ పళ్లెం మీద వీపు ఆనించండి. లేవకుండా ఉండగలిగితే బండి పంపేయండి, నేను సంతకం పెడతాను."

ఆయనకు పౌరుషం వచ్చింది. చొక్కా, బనీను విప్పి నా చేతిలో పడేసి, క్యాబిన్‌లోకి వెళ్లి, కాళ్లు నేలమీదే ఉంచి ఆ చిన్న పళ్లెం మీద వెల్లకిలా వాలాడు. వాలడమూ, "అవ్వా! సచ్చిపోయిన!" అని ఒక్క ఉదుటున లేవడమూ ఒకేసారి జరిగాయి. తలుపు దగ్గర గుమిగూడిన మేమంతా ఆపుకోలేక నవ్వాం. కుట్టుపని అమ్మలు కొంగులు అడ్డం పెట్టుకున్నారు.

మేడమ్ నవ్వలేదు. "మీకు ఇంత ఒళ్లుంది, కొవ్వుంది. పళ్లెం లాక్కున్నకొద్దీ రక్తం వేడి తెచ్చి పోస్తూనే ఉంటుంది. ఆ బిడ్డకు ఇవేవీ లేవు. లేవడానికి కూడా రాదు. ఇచ్చుకుంటూ పోవడమే" అన్నారు. కొంచెం ఆగి, "తప్పు నాది. వార్త చూసుకుని పంతం మర్చిపోయాను" అన్నారు. ఆమె తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు.

మా నవ్వులు ఆగిపోయాయి. ఓనరు వీపు మీద తడి అలాగే ఉంది. మెల్లగా అన్నాడు.

"ఇయ్యాల పంపకుంటే ఆర్డర్ పోతది మేడమ్. ఆర్డర్ పోతే గీళ్లందర్ని ఏడికి పంపాలె?"

"తెలుసు" అన్నారు ఆమె. అంతే. అంతకు మించి ఏమంటారు? ఆమె జీతమూ ఆ ఆర్డరులోంచి రావాల్సిందే.

ఓనరు పళ్లెం వైపు తిరిగాడు. తర్వాత చేయి తిరగేసి, ఆమెలాగే వేళ్ల వెనక వైపుతో తువ్వాలును తాకాడు. కళ్లు మూసుకున్నాడు. తెరిచి, నా చేతిలోంచి బనీను లాక్కుని, "దింపున్రిరా" అన్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు షెడ్డులో ఎవరూ సరిగ్గా ఇంటి మొహం చూడలేదు. అల్యూమినియం తీసి స్పాంజి వేస్తే బిడ్డకు చలి తగలదు, కానీ కింది హీటరు వేడి స్పాంజి దాటి పైకి రాదు. రాకపోతే వెచ్చటి ట్రాలీ అనడం ఎందుకు? చివరికి స్పాంజిని అడుగుకు పంపి, దాని పైన గుడ్డలాంటి పల్చటి హీటరు, దాని పైన మెత్తటి రెక్సిన్ వేసి కుట్టాం. కుట్టేటప్పుడు ఒక అమ్మ అడిగింది.

"మేడమ్, పిల్లను తల్లి రొమ్ము మీద పండవెడితే అయిపాయె గదా, గీ కథంత ఎందుకు?"

"అదే అన్నిటికన్నా మంచిదమ్మా. చర్మానికీ చర్మానికీ ఒకటే పంతం. ఎవరూ నెగ్గరు, సరిగ్గా సగం దగ్గర కలుస్తారు. తల్లికి ఒంట్లో బాగాలేనప్పుడే మన ట్రాలీ. ఆవిడతో సమానంగా మనం చేయలేం. ఆ బిడ్డను దోచుకోకుండా ఉంటే చాలు."

కొత్త ట్రాలీలు ఒక్కొక్కటీ ఓనరు క్యాబిన్‌లోకి వెళ్లాయి. హీటరు ఆపి, ఏసీ వేసి, తడి తువ్వాలు పరిచి, మాలో ఎవరో ఒకరు చెంప ఆనించాలి. అది మా షెడ్డులో ఆచారమైపోయింది. చెంప పెట్టినవాడి ముఖం చూశాక, ఆమె వేళ్లు తిరగేసి తాకాక, అప్పుడు 'పాస్'.

ఆర్డరు సగమే మిగిలింది. మిగతా సగం వేరేవాళ్లకు ఇచ్చేశారు. షెడ్డు మూతపడలేదు, కానీ ఇల్లు కట్టుకుందామని నారపల్లిలో కొనుక్కున్న ప్లాటును ఓనరు అమ్మేశాడు. దాని గురించి ఆమెను ఒక్క మాట అనలేదు. ఆమె కూడా క్షమించమని అడగలేదు. మర్నాటి నుంచి ఇద్దరూ ఎప్పటిలాగే పోట్లాడుకున్నారు, కాకపోతే ఓనరు ఏ కొత్త వస్తువు వచ్చినా చేయి తిరగేసి తాకడం మొదలుపెట్టాడు. తర్వాత నేను ఉద్యోగం మారాను, ఆమె రిటైరయ్యారు, ఓనరు షెడ్డును అల్లుడికి అప్పగించాడు. రామంతాపూర్‌లో చెల్లెలితో కలిసి ఉండేవారు ఆమె. వెళ్లినప్పుడల్లా ఏదో ఒక కలయిక ఇచ్చి అర్థం చెప్పమనేవారు. నేను తప్పు చెబితే సంతోషించేవారు.

మొన్న ఆ ఇంటికి చేరేసరికి సందులో షామియానా వేశారు. విజయవాడ నుంచి బంధువులు రావాలట, అందుకని ముందుగదిలో ఫ్రీజర్ బాక్సులో ఉంచారు. పైన అద్దం. కింద స్టీలు పళ్లెం. ఆమె చేతులు కడుపు మీద ఉన్నాయి, అరచేతులు కిందికి, వేళ్ల వెనక వైపు పైకి. చూడగానే నాకు ఏడుపు ఆగలేదు. వచ్చినవాళ్లు జరిగి చోటిచ్చారు.

ఓనరు అప్పటికే అక్కడున్నాడు. పొట్ట కరిగిపోయింది, చేతిలో కర్ర. నన్ను చూసి తలూపాడు. బాక్సు చుట్టూ ఒకసారి తిరిగాడు. అద్దం కొంచెం జరిపి, చేయి లోపలికి పెట్టి, తిరగేసి, స్టీలు పళ్లేన్ని వేళ్ల వెనక వైపుతో తాకాడు. చురుక్కుమన్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

మేడమ్ చెల్లెలి వైపు తిరిగి అడిగాడు. "అమ్మా, కింద ఏం పరిచిన్రు?"

ఆమెకు అర్థం కాలేదు. "ఏం పరచలేదండీ. బాక్సు తెచ్చినవాళ్లు అలాగే పెట్టారు."

"ఒక బొంత ఉంటే ఇయ్యున్రి."

బాక్సు అబ్బాయి గోడ దగ్గర నుంచి లేచి వచ్చాడు. మర్యాదగానే చెప్పాడు. "వద్దు తాతా. బొంతేస్తే కూలింగ్ మంచిగ అందది. పానం లేనిదానికి సలి ఏముంటది?"

అతను చెప్పింది అక్షరాలా నిజం. ఓనరు నా వైపు తిరిగాడు.

"నువ్వు జెప్పు తమ్మీ. లెక్కలు నీకు దెల్సు."

లెక్కలు నాకు తెలుసు. రక్తం తెచ్చి పోసే వేడి లేదు. పోగొట్టుకోవడానికి ఆ ఒంట్లో ఏమీ మిగల్లేదు. చల్లదనమే కావాల్సిన పెట్టెలో బొంతకు అర్థం లేదు. మేడమ్ బతికుంటే బాక్సు అబ్బాయి భుజం తట్టి, మమ్మల్నిద్దర్నీ బయటికి తరిమేవారు. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను.

ఓనరు నన్ను చెప్పనివ్వలేదు. "నన్ను పండవెట్టింది గదా దాని మీద. ఎట్లుంటదో నాకు దెల్సు" అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన గొంతు చిన్నపిల్లాడిదైపోయింది.

నేను బాక్సు అబ్బాయితో, "పల్చటిదే వేద్దాం తమ్మీ. సల్లదనం పైనుంచి గూడ వస్తది గదా" అన్నాను. అది పూర్తిగా నిజం కాదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. అతను మా ఇద్దరి ముఖాలూ చూసి, సరేనని అద్దం పూర్తిగా తీశాడు.

చెల్లెలు లోపలికి వెళ్లి, మేడమ్ రోజూ కట్టుకునే నేత చీర ఒకటి నాలుగు మడతలు వేసి తెచ్చింది. నలుగురం కలిసి మేడమ్‌ను మెల్లగా ఎత్తాం. చెల్లెలు చీర పరిచింది. అంచులు సరిచేసి, మళ్లీ పడుకోబెట్టాం.

ఓనరు కర్ర గోడకు ఆనించి వంగాడు. మేడమ్ భుజం కింద, చీర మీద, వేళ్లు తిరగేసి ఉంచాడు. కళ్లు మూసుకున్నాడు. గదిలో ఎవరో మాట్లాడబోతే నేను చేత్తో ఆపమని సైగ చేశాను. ఆయన చాలాసేపు అలాగే ఉండి, కళ్లు తెరిచి, నన్ను చూశాడు.

"ఏమంటవ్ తమ్మీ?"

"పాస్ సార్" అన్నాను.

ఆ మాట విన్నాకే ఆయన ఏడ్చాడు.